గొలుసు విప్పే ముందు

మన ఊళ్లలో కుక్క లేని వీధి ఉండదు. రాత్రి దొంగ వస్తే మొదట అరిచేది కుక్కే. పొలం వెళ్తే వెనకాలే వచ్చేది కుక్కే. పిడికెడు అన్నం పెడితే జన్మంతా మరిచిపోదు.

అయితే కుక్కను పెంచడం అంటే అన్నం పెట్టడం ఒక్కటేనా? ఇంకా ఏమైనా ఉందా? ఈ కథ చదవండి. తరవాత అందరూ కూర్చుని మాట్లాడుకోండి.

1. రేవు దగ్గర ఏం జరిగింది?

గోదావరి డెల్టాలో ఒక ఊరు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయలుదేరిన కాలువ ఆ ఊరి పక్కనుంచే పోతుంది. కాలువకు గట్టు ఉంది. గట్టు దిగితే రేవు. ఆడవాళ్లు బట్టలు ఉతికేది ఆ రేవులోనే. పిల్లలు బడికి వెళ్లేది ఆ గట్టు మీదే. గేదెలు నీళ్లకు దిగేది కూడా అక్కడే.

ఆ ఊళ్లో మలుపింటి అక్క ఉంది. ఆమె కొత్తగా చదువు నేర్చుకుంది. ఆమె ఇంట్లో ఒక కుక్క ఉంది. దాని పేరు రాజు. పగలంతా రాజును గొలుసుతో గుంజకు కట్టేస్తారు. గొలుసు పొడవు రెండు బారలే. ఎండ వచ్చినా అక్కడే. వాన వచ్చినా అక్కడే. సాయంత్రం ఎవరో ఒకరు గొలుసు విప్పుతారు. అది బాణంలా బయటికి పోతుంది. ఎటు పోయింది, ఏం చేసింది ఎవరికీ తెలియదు. చీకటి పడ్డాక అదే వస్తుంది.

అది ఏప్రిల్ 10వ తేదీ. దాళ్వా కోతలు మొదలయ్యాయి. సాయంత్రం అక్క కొడుకు గొలుసు విప్పాడు. రాజు గట్టు మీదికి పరిగెత్తింది. అదే సమయానికి చివరింటి అక్క కూతురు రేవు నుంచి వస్తోంది. మూడో తరగతి చదువుతోంది. చేతిలో బిస్కెట్ల పొట్లం ఉంది. కుక్క మీదికి రావడం చూసి పాప భయపడింది. అరుస్తూ పరిగెత్తింది. పరిగెత్తేసరికి కుక్క ఇంకా వెంటపడింది. పిక్క పట్టుకుంది. రక్తం వచ్చింది.

రేవులో ఉన్న వాళ్లంతా పరిగెత్తుకొచ్చారు. ఒక పెద్దమ్మ అంది:

"కారం తెండి. గాయంలో కారం కూరితే విషం చచ్చిపోతుంది."

ఇంకొకరు సున్నం అన్నారు. మరొకరు పసరు కట్టు కట్టించాలన్నారు. అంతలో మలుపింటి అక్క వచ్చింది. ఆమె ముఖం పాలిపోయింది. అయినా గట్టిగా చెప్పింది:

"కారం వద్దు పెద్దమ్మా! ఆసుపత్రి గోడ మీద రాసి ఉంది. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. సబ్బు పెట్టి, ధారగా నీళ్లు పోసి 15 నిమిషాలు కడగాలి. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి."

పాపను బోరింగు దగ్గరికి తీసుకెళ్లారు. ఒకరు బోరింగు కొట్టారు. ఒకరు సబ్బు రాసి కడిగారు. పాప ఏడుస్తూనే ఉంది. పావుగంట కడిగారు. తరవాత ఆటోలో ఆసుపత్రికి వెళ్లారు.

2. కార్డు మీద నాలుగు తేదీలు

డాక్టరు గారు గాయం చూశారు. "బాగా కడిగారు. మంచి పని చేశారు" అన్నారు. రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ ఒక మందు ఎక్కించారు. దాన్ని సీరం అంటారు. తరవాత టీకా వేశారు. ఒక కార్డు ఇచ్చారు. కార్డు మీద నాలుగు తేదీలు ఉన్నాయి.

ఏప్రిల్ 10 - మొదటి రోజు సూది
ఏప్రిల్ 13 - 3 రోజులకు
ఏప్రిల్ 17 - 7 రోజులకు
మే 8 - 28 రోజులకు

ఏప్రిల్ 13 వచ్చింది. పాప గంతులు వేస్తోంది. గాయం ఆరుతోంది. చివరింటి అక్క కొడవలి పట్టుకుని కోతకు బయలుదేరింది. మలుపింటి అక్క ఎదురొచ్చింది.

"వదినా, ఈ రోజు పాపకు సూది వేయించాలి."

"పుండు ఆరిపోయింది కదా! ఇంకా సూదులెందుకు? కోతల రోజులు. ఒక్క పూట మానితే ఆ కూలి ఎవరిస్తారు?"

"కార్డు మీద 13 అని ఉంది వదినా. నీకు కుదరకపోతే నేను తీసుకెళ్తాను."

చివరింటి అక్కకు కోపం వచ్చింది.

"నీ కుక్కే కరిచింది. మళ్లీ నా పిల్లను నీ చేతిలో పెట్టి పంపాలా? కుక్కకు తిండి పెట్టావు గానీ, దాని మీద ఒక కన్నేసి ఉంచలేదు నువ్వు."

మలుపింటి అక్క తల దించుకుంది. ఆ మాట నిజం. కాసేపటికి నెమ్మదిగా అంది:

"తప్పు నాదే వదినా. నన్ను ఎంత తిట్టినా పడతాను. ఆటో డబ్బులు నేనిస్తాను. నీ కూలి కూడా నేనిస్తాను. కానీ ఈ తేదీ మాత్రం తప్పకూడదు."

చివరింటి అక్క చాలాసేపు మాట్లాడలేదు. తరవాత కొడవలి చూరులో దోపింది. "పద. నేనూ వస్తాను" అంది.

3. గాయం ఆరితే చాలదా?

చాలదు. ఎందుకో తెలుసుకుందాం.

కుక్క కాటు వల్ల రేబిస్ అనే జబ్బు రావచ్చు. దీన్నే మనం పిచ్చికుక్క జబ్బు అంటాం. జబ్బు చేసిన కుక్క చొంగలో కంటికి కనపడని సూక్ష్మక్రిమి ఉంటుంది. కరిచినప్పుడు అది గాయంలోకి దిగుతుంది. గాయం నుంచి నరాల వెంట మెల్లగా మెదడు వైపు వెళ్తుంది. పైన చర్మం మానిపోతుంది. లోపల క్రిమి ప్రయాణం ఆగదు. చాలామందికి ఒకటి నుంచి మూడు నెలల లోపు జబ్బు బయటపడుతుంది. కొందరికి ఇంకా ముందే, కొందరికి ఇంకా ఆలస్యంగా రావచ్చు.

జబ్బు బయటపడితే నీళ్లు మింగలేరు. నీళ్లు చూస్తేనే భయపడతారు. గాలి తగిలినా ఉలిక్కిపడతారు. ఆ దశలో బతికించే మందు లేదు. దాదాపు అందరూ చనిపోతారు. కానీ ముందే సూదులు వేయించుకుంటే జబ్బు రాదు. క్రిమి మెదడుకు చేరక ముందే టీకా మన ఒంట్లో కాపలా పెడుతుంది. అందుకే తేదీలు తప్పకూడదు.

ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది ఈ జబ్బుతో చనిపోతున్నారని అంచనా. కుక్క కాటుకు గురయ్యే వారిలో పిల్లలు ఎక్కువ. ఎందుకు? పిల్లలు పొట్టిగా ఉంటారు. పరిగెత్తుతారు. కొందరు కుక్క కరిచిందని ఇంట్లో చెప్పరు. తిడతారని భయం.

ఈ టీకాను మొదట కనిపెట్టింది ఫ్రాన్సు దేశపు లూయీ పాశ్చర్. 1885 జూలై 6న ఒక తొమ్మిదేళ్ల పిల్లవాడికి వేశాడు. ఆ పిల్లవాణ్ణి పిచ్చికుక్క కరిచింది. పిల్లవాడు బతికాడు.

మన అమ్మలు, అమ్మమ్మలు "బొడ్డు చుట్టూ 14 సూదులు" అనేవాళ్లు. అది నిజమే. అప్పట్లో అలాగే వేసేవాళ్లు. ఆ పాత మందు మన దేశంలో 2004తో ఆగిపోయింది. ఇప్పుడు సూదులు చేతికి వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు తీసుకోరు. భయపడాల్సింది సూదికి కాదు, సూది వేయించుకోకపోవడానికి.

ఒక మాట గుర్తుంచుకోండి. కరిచిన కుక్క బాగానే తిరుగుతోంది కదా అని మనంతట మనం సూదులు ఆపకూడదు. ఆపాలా, వద్దా అన్నది డాక్టరే చెప్పాలి. కరిచిన కుక్కను 10 రోజులు కట్టేసి చూస్తూ ఉండాలి. అది చచ్చిపోయినా, తీరు మారినా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

4. తప్పు ఎవరిది?

ఆ సాయంత్రం కొందరు మగవాళ్లు కర్రలు పట్టుకుని వచ్చారు. కుక్కను చంపేస్తామన్నారు. పెద్దలు ఆపారు. కుక్కను చంపేస్తే దానికి జబ్బు ఉందో లేదో మనకు తెలియదు. పైగా అలా కొట్టి చంపడం చట్ట ప్రకారం నేరం.

మరునాడు రాత్రి ఆడవాళ్లంతా చదువుల కేంద్రంలో కూర్చున్నారు.

"కుక్కను అసలు విప్పకూడదు. ఎప్పుడూ కట్టే ఉంచాలి" అంది ఒకామె.

"అలా కాదు. ఎప్పుడూ కట్టేసి ఉంచితేనే దానికి కోపం ఎక్కువ అవుతుంది. మనల్ని నాలుగు గోడల మధ్య పెట్టి తలుపు వేస్తే మనకు ఉక్కిరిబిక్కిరి కాదూ?" అంది ఇంకొకామె.

"మా వీధిలో అందరూ కుక్కల్ని వదిలేస్తారు. మా కోడిపిల్లలు తొమ్మిదింటిని తినేశాయి. ఎవరి కుక్క అంటే ఎవరూ పలకరు" అంది మూడో ఆమె.

చివరికి మలుపింటి అక్క లేచింది.

"నేను రెండు తప్పులు చేశాను. పగలంతా కట్టేశాను. అది ఒక తప్పు. సాయంత్రం విప్పేసి నా పని నేను చూసుకున్నాను. అది రెండో తప్పు. కుక్కకు పరుగు కావాలి. అది నిజమే. కానీ అది పరిగెత్తేటప్పుడు పక్కన మనిషి ఉండాలి. గట్టు నా ఒక్కదాని సొత్తు కాదు, అందరిదీ."

అందరూ ఆ మాట ఒప్పుకున్నారు. కుక్కను ఎక్కడ వదలాలి, ఎలా వదలాలి అని మాట్లాడుకున్నారు. పలక మీద రాసుకున్నారు.

5. పలక మీద రాసిన మాటలు

ఎక్కడ వదలకూడదు?
రేవు దగ్గర. బడి దగ్గర, అంగన్‌వాడీ దగ్గర. బస్సు ఆగే చోట. సంత రోజు సంతలో. బాతుల మంద దిగిన పొలంలో. గొర్రెలు, దూడలు మేసే చోట.

ఎక్కడ వదలవచ్చు?
మాసూళ్లు అయిపోయిన ఖాళీ పొలంలో. మనుషులు తిరగని పుంతలో. పొలం మనది కాకపోతే ఆ రైతును ముందు అడగాలి.

ఎప్పుడు?
తెల్లవారుజామున, జనం లేవక ముందు. లేదా పిల్లలు ఇళ్లకు చేరాక, సాయంత్రం చల్లబడ్డాక. మిట్ట మధ్యాహ్నం వద్దు. ఎండకు కుక్క కూడా తాళలేదు.

ఎలా?
ఇంటి దగ్గర గొలుసు విప్పకూడదు. తాడుతో పట్టుకుని ఆ చోటికి తీసుకెళ్లాలి. అక్కడే విప్పాలి. తాడు మన చేతిలోనే ఉండాలి. మనిషి గాని, పశువు గాని కనపడితే కుక్కను పిలిచి మళ్లీ కట్టాలి.

పిలిస్తే వస్తుందా?
పిలిస్తే రాని కుక్కను వదలకూడదు. ముందు ఇంటి దొడ్లో నేర్పాలి. పేరు పెట్టి పిలవాలి. రాగానే చిన్న ముక్క పెట్టాలి, నిమరాలి. రాలేదని కొట్టకూడదు. కొడితే ఈసారి అసలు రాదు.

ఏ కుక్కను వదలకూడదు?
టీకా వేయించని కుక్కను. జబ్బుగా ఉన్న కుక్కను. ఎదకు వచ్చిన ఆడకుక్కను. దాని వెంట పది కుక్కలు చేరతాయి. కొట్లాడుకుంటాయి. చిన్నపిల్లల చేతికి కుక్కను ఇచ్చి పంపకూడదు. కుక్క లాగితే పిల్లలు ఆపలేరు.

పెంట సంగతి?
కుక్క పెంటలో పురుగుల గుడ్లు ఉంటాయి. అవి మట్టిలో కలుస్తాయి. మట్టిలో ఆడే పిల్లల కడుపులోకి చేరతాయి. అందుకే చిన్న పార తీసుకెళ్లాలి. కాలువకు, బోదెకు దూరంగా గుంట తీసి పూడ్చాలి. ఇంటికి వచ్చి సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

పిల్లలకు ఏం చెప్పాలి?
కుక్క మీదికి వస్తే పరిగెత్తవద్దు. అరవవద్దు. చెట్టులా కదలకుండా నిలబడాలి. దాని కళ్లలోకి చూడవద్దు. తింటున్న కుక్కను, పిల్లలకు పాలిస్తున్న కుక్కను ముట్టుకోవద్దు. కరిచినా, గీరినా వెంటనే ఇంట్లో చెప్పాలి. మనం తిట్టకూడదు.

6. పట్నంలో కుక్కల పార్కు

పట్నాల్లో ఖాళీ పొలాలు ఉండవు. మరి అక్కడ కుక్కలు ఎక్కడ పరిగెత్తుతాయి? హైదరాబాదులో, కొండాపూర్ దగ్గర నగరపాలక సంస్థ కుక్కల కోసమే ఒక పార్కు కట్టింది. 2018లో దాన్ని తెరిచారు. స్థలం ఒక ఎకరం పైచిలుకు ఉంటుంది. చుట్టూ కంచె ఉంది. లోపల కుక్కలు ఆడుకుంటాయి. పరాయి దేశాల్లో ఇలాంటి చోట్లు చాలా ఉన్నాయి.

"కుక్కలకు పార్కా!" అని మనకు నవ్వు రావచ్చు. కానీ అలాంటి చోట్ల ఏం పద్ధతులు పాటిస్తారో చూడండి. టీకా వేయించిన కుక్కనే తేవాలి. గేటు దాటే వరకు తాడు విప్పకూడదు. యజమాని కుక్కను వదిలి పక్కకు పోకూడదు. కొట్లాట మొదలైతే తన కుక్కను తీసుకుని బయటికి పోవాలి. పెంట తానే ఎత్తాలి.

మన ఆడవాళ్లు పలక మీద రాసుకున్నవి కూడా ఇవే కదా! పార్కు ఉన్నా లేకపోయినా పద్ధతి ఒకటే. మనకు కంచె లేదు. కాబట్టి మన కళ్లే కంచె.

7. చట్టం ఏం చెబుతుంది?

మన కుక్క వల్ల ఇంకొకరికి హాని జరిగే ప్రమాదం ఉందని తెలిసి కూడా జాగ్రత్త తీసుకోకపోతే నేరం. భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షను ఇదే చెబుతుంది. ఈ చట్టం 2024 జూలై 1 నుంచి అమలులో ఉంది. ఆరు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

కుక్కను హింసించడం కూడా నేరమే. 1960లో వచ్చిన జంతు హింస నివారణ చట్టం అలా చెబుతుంది. రోజుల తరబడి పొట్టి గొలుసుతో కట్టి పడేయడం కూడా హింస కిందికే వస్తుంది.

మరి ఎవరివీ కాని వీధి కుక్కలు? వాటికి 2023లో కొత్త నియమాలు వచ్చాయి. పంచాయతీ గాని, మునిసిపాలిటీ గాని ఆ కుక్కలను పట్టించాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించాలి. రేబిస్ టీకా వేయించాలి. తిరిగి అదే చోట వదలాలి. ఆపరేషను అయిన కుక్కకు గుర్తుగా చెవి కొస కొద్దిగా కత్తిరిస్తారు. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల్లో తిరిగే కుక్కలను మాత్రం అక్కడి నుంచి తీసుకెళ్లి షెల్టర్లలో ఉంచాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

మీ వీధిలో కుక్కల బెడద ఉంటే కర్రలు పట్టుకోకండి. కాగితం పట్టుకోండి. పంచాయతీకి అర్జీ రాయండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా!

8. కుక్కకూ ఒక కార్డు

పది రోజులు గడిచాయి. రాజు బాగానే తిన్నది, బాగానే తిరిగింది. పదకొండో రోజు మలుపింటి అక్క దాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లింది. రేబిస్ టీకా వేయించింది. డాక్టరు గారు కార్డు ఇచ్చారు.

"కుక్కపిల్లకు మూడు నెలల వయసులో మొదటి టీకా వేయించాలమ్మా. తరవాత మళ్లీ ఎప్పుడు వేయించాలో కార్డులో రాస్తాం. ఆ పైన ఏటా వేయిస్తూ ఉండాలి. ఏటా జూలై 6న చాలా పశువుల ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు. ఆ రోజు మీ ఊళ్లో కుక్కలన్నింటినీ తీసుకురండి" అన్నారు.

అక్క ఆ తేదీని ఇంటి తలుపు వెనక సుద్దముక్కతో రాసుకుంది. పక్కనే పాప కార్డులోని మే 8 కూడా రాసింది. డాక్టరు రమ్మన్నారు. మే 8న పెళ్లి ముహూర్తాలు ఉన్నా, ఇద్దరూ కలిసి పాపను తీసుకెళ్లారు.

ఇప్పుడు రాజు మెడలో గొలుసు లేదు. పట్టా ఉంది. దొడ్లో పొడుగాటి తాడు కట్టారు. నీడలో పడుకుంటుంది. పక్కన నీళ్ల మూకుడు ఉంటుంది. రోజూ కోడి కూసే వేళకు అక్క దాన్ని కోసిన చేలోకి తీసుకెళ్తుంది. ఒక అరగంట పరిగెత్తనిస్తుంది. పిలిస్తే వస్తుంది.

చివరింటి అక్క ఇంకా ముభావంగానే ఉంటుంది. అలా ఉండటంలో తప్పు లేదు. బిడ్డ నొప్పి తల్లి అంత తొందరగా మరిచిపోదు. కానీ మొన్న ఒక ఉదయం పుంత మీద ఎదురుపడ్డారు. పాప వెనకాల వస్తోంది.

"వదినా, పాప వస్తోంది. కుక్కను పట్టుకో" అంది చివరింటి అక్క.

మలుపింటి అక్క అప్పటికే తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుంది. పుంత దిగి పక్కకు నిలబడింది. కుక్కను కూర్చోబెట్టింది. పాప తల్లి చెయ్యి పట్టుకుని, పరిగెత్తకుండా, నెమ్మదిగా నడిచి వెళ్లింది.

మాట్లాడుకోండి

1. పాపను కుక్క ఎందుకు వెంబడించింది? పాప ఏం చేసి ఉంటే బాగుండేది?
2. గాయంలో కారం, సున్నం ఎందుకు పెట్టకూడదు? ఏం చేయాలి?
3. మలుపింటి అక్క చేసిన రెండు తప్పులు ఏమిటి? మీరైతే ఏం చేసేవారు?
4. చివరింటి అక్క కోపం న్యాయమేనా?

లెక్క చేయండి

ఒక ఆమెను జూన్ 5న కుక్క కరిచింది. అదే రోజు మొదటి సూది వేశారు. 3 రోజులకు, 7 రోజులకు, 28 రోజులకు వేసే సూదుల తేదీలు రాయండి.

ఈ పని చేయండి

మీ వీధిలో ఎన్ని పెంపుడు కుక్కలు ఉన్నాయి? వాటిలో ఎన్నింటికి టీకా వేయించారు? ఇంటింటికీ వెళ్లి అడిగి పట్టీ రాయండి. కుక్కలను వదలకూడని చోట్లు మీ ఊళ్లో ఏవి? నలుగురూ కలిసి నిర్ణయించండి. పెద్ద అక్షరాలతో రాసి అందరికీ కనపడే చోట అంటించండి.